మంచు ఉంటే

పదకొండేళ్లు చక్కెరదుంపల యంత్రం నడిపానని రాశాను.
మొదటి కొండ పలకనే లేదు.
రెండోది ఒక్క ముక్క అడిగింది: "చదును నేల మీదేనా?"
మూడోది చాలా మర్యాదగా వద్దంది.
ఆ జర్మన్ మర్యాద అర్థం చేసుకోవడానికి
నాకు నిఘంటువు కావలసి వచ్చింది.

మా హయ్‌దూ మైదానంలో ఎత్తంటే కాలువ గట్టు.
గట్టెక్కడం అంటే మాకు నిజంగా గట్టెక్కడమే.
ఎక్కితే పక్క ఊరి గోధుమ గాదె కనిపిస్తుంది,
ఆ వెనక మళ్లీ నేల, నేల, నేల.
నవంబరు దాటితే దుంపల పని ఉండదు.
షెడ్డులో యంత్రం, ఇంట్లో నేను,
ఇద్దరం తుప్పు పట్టకుండా కాచుకుంటూ.

ఏడో ఉత్తరానికి వెండెలిన్ అనే మనిషి ఫోన్ చేశాడు.
"ఎమోకె అంటే ఆడపేరా, మగపేరా?"
"ఆడపేరు."
కాసేపు గాలి మాత్రం వినిపించింది.
"సరే, రా. కానీ మంచింకా పడలేదు."

అలా మూడు వారాలు
హోటల్ వంటింట్లో పళ్లేలు కడిగాను.
కిటికీలో ఆల్ప్స్ కొండ, ఎండుగడ్డి రంగులో,
గొర్రెలకు ఉన్ని కత్తిరించాక ఉంటుందే, అలా.
పై గరాజులో నాలుగు ఎర్ర యంత్రాలు,
ఒక్కోటీ మా ఇంటికంటే ఖరీదు,
పనిలేక వరసగా.
భోజనానికి వచ్చిన డ్రైవర్లు నన్ను చూసి
"సబ్బు ఇంజినీర్" అని నవ్వుకునేవాళ్లు.

డిసెంబర్ తొమ్మిది రాత్రి పడింది.
పదకొండున లోరెన్స్ మెట్ల మీద జారి
మడమ విరగ్గొట్టుకున్నాడు.
అయ్యో అన్నాను.
అంటూనే ఏప్రాన్ విప్పాను.
ఆ రెంటి మధ్యా ఊపిరంత ఎడం కూడా లేదు,
ఒప్పుకోవాలి కదా.

వెండెలిన్ నా సర్టిఫికెట్లు చూడలేదు.
పక్క సీట్లో కూర్చుని కొండ భుజం దాకా ఎక్కించి
దీపాలు ఆర్పమన్నాడు.
"ఇప్పుడు చెప్పు. వాలెటు?"

కళ్లు పనికిరాని చోట
నడుముకు తెలిసింది.
తడి చేలో ఎడమ చక్రం దిగబడబోతోందని
సీటు ముందే చెప్పే చిన్న వణుకు,
అదే ఇక్కడా.
అక్కడ మోకాలి లోతు బురద,
ఇక్కడ ఎంత లోతో తెలియని చీకటి.
"ఎడమకి. కొంచెమే. పైన పిండి, కింద గాజు."
దీపాలు వేయించాడు. మెచ్చుకోలేదు.

నిట్రమైన వాలు మీదికి వించి తాడుతో దిగాలి.
బొటనవేలంత ఉక్కుతాడు, పైన స్తంభానికి కట్టి,
పలుపు పట్టుకుని బావిలోకి మేకను దించినట్టు
పన్నెండు టన్నుల్ని దించడం.
ఆ తాడు చుట్టుపక్కలకు రాత్రిపూట ఎవరూ రాకూడదు.
ఒక నక్క వచ్చింది. ఆగింది.
ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్లిపోయింది.

ముందు బ్లేడుతో తోస్తాను,
వెనక పళ్ల రోలర్ సన్నని చాళ్లు తీస్తుంది.
విత్తనం పడని చాళ్లు.
తొమ్మిదికల్లా వెయ్యిమంది వచ్చి చెరిపేసే చాళ్లు.
మళ్లీ చీకటి పడ్డాక మొదటి నుంచి.
ఇల్లూడ్చేవాళ్లకి ఇదేం కొత్త.

మలుపు దగ్గర జానెడు గట్టు మిగిలింది.
వెండెలిన్ వేలు చూపించాడు.
"పొద్దున్న ఒక పిల్ల ఇక్కడ పడుతుంది."
వెనక్కి తిప్పాను. మళ్లీ. ఇంకోసారి.
నాలుగో తిరుగుడుకి గట్టు పోయింది,
నా మెడ పట్టేసింది.

రెండున్నరకి వంటింటి బల్ల మీద కాగితం పెట్టాడు.
కలంలో సిరా బిగుసుకుపోయింది.
చంకలో పెట్టుకుని వెచ్చచేశాను.
జీతం ఇంత. గది మేడ మీద. ఆదివారాలు లేవు.
చివరి వాక్యానికి నిఘంటువు అక్కర్లేకపోయింది:
ఏప్రిల్ పదహారు దాకా పని,
మంచు ఉంటే.

నవ్వొచ్చింది.
మా రైతూ ఇంతే, వాన పడితే అనేవాడు.
సంతకం పెట్టి, అలవాటుగా
సింకు దగ్గరున్న పళ్లేల వైపు చెయ్యి చాపాను.
"అవి నీవి కావు," అన్నాడు వెండెలిన్,
కిటికీ తుడిచి, బయటికి చూసి,
తన యాసలో ఏదో తిట్టి.

కురుస్తోంది.
నేను తీసిన చాళ్ల మీదే, తీరిగ్గా.
"అయిదింటికి లేపుతాను," అన్నాడు.